తొక్కని గడపకు డిపాజిట్టు

నిరుడు మార్గశిరంలో మా చిన్నాన్న కూతురి పెళ్లి విశాఖపట్నంలో నిశ్చయమైంది. న్యూజెర్సీ నుంచి మేం నలుగురం, డాలస్ నుంచి అక్కావాళ్లు, అందరం ఒకేచోట ఉండాలని రుషికొండ దాటాక భీమిలి దారిలో సముద్రం కనిపించే ఇల్లొకటి ఆరు రాత్రులకు మాట్లాడుకున్నాం. రాత్రికి 12,000 రూపాయలు. అద్దెలో సగం, 36,000 అడ్వాన్సు. ఇంట్లో సామాను పాడైతే మినహాయించుకోవడానికి డిపాజిట్టు మరో 25,000. మొత్తం 61,000 ఆగస్టులోనే చిన్నాన్న ఖాతా నుంచి వెళ్లిపోయాయి. కాగితం మాత్రం రాసుకోలేదు. తెలిసినవారి ద్వారా దొరికిన ఇల్లు, కాగితం అడిగితే నొచ్చుకుంటారేమో అనుకున్నాం.

పెళ్లి నలభై రోజులుందనగా పెళ్లికొడుకు దాయాదుల్లో ఒక పెద్దాయన కాలం చేశారు. అప్పుడే శుభకార్యం వద్దన్నారు. తరవాత వచ్చేది పుష్యం కాబట్టి ముహూర్తం మాఘానికి వెళ్లింది. కబురు తెలిసిన రోజే ఇంటి యజమానికి ఫోను చేశాను. ఆయన మనస్ఫూర్తిగానే బాధపడ్డారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి, "తిరిగి ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదండీ" అన్నారు.

"డిపాజిట్టు కూడానా?"

"అంతా ఒకటే కదండీ."

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అడ్వాన్సు అంటే వస్తామన్న మాటకు ఇచ్చిన బయానా, రేపటి అద్దెలో భాగం. మాట తప్పితే అందులో కొంత పోవచ్చు, ఒప్పుకుంటాను. డిపాజిట్టు సంగతి వేరు. అది మన డబ్బే, వారి దగ్గర దాచిన డబ్బు. గాజుగ్లాసు పగిలితేనో, గోడ మీద పిల్లలు గీతలు గీస్తేనో పట్టుకోవాల్సినది. మేం ఆ ఇంటి గడపే తొక్కలేదు. ఏం పగలగొట్టామని పట్టుకుంటారు?

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినవారి నుంచి న్యాయమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవాలి. ఒప్పందంలో రాసుకున్న అంకె దానికి గరిష్ఠ పరిమితి. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు సరఫరా చేస్తానని 18,500 రూపాయలు డిపాజిట్టు కట్టిన ఒక కాంట్రాక్టరు కేసు 1969లో సుప్రీంకోర్టులో తేలింది. ఆయన సరఫరా సరిగా చేయలేదు, ప్రభుత్వం డిపాజిట్టు జప్తు చేసింది. నష్టం ఎంతో లెక్క చూపగలిగి ఉండీ చూపలేదు గనక ఆ సొమ్ము ఉంచుకోవడానికి వీల్లేదని కోర్టు ప్రభుత్వానికే చెప్పింది. సహేతుకమైన బయానా ఉంచుకోవడం తప్పు కాదని అదే తీర్పులో ఉంది. అడ్వాన్సు, డిపాజిట్టు రెండూ ఒకటి కావని నేను అంటున్నది అందుకే.

మా విషయంలో నష్టం ఎంత? మేం రావాల్సిన రోజుల్లోనే చిన్నాన్న కొడుకు ఆ దారిన వెళ్తూ చూస్తే, ఆ ఇంటి బాల్కనీలో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయట. వాచ్‌మన్‌ను అడిగితే రాయ్‌పూర్ నుంచి ఒక కుటుంబం దిగిందని చెప్పాడు. ఒకే రాత్రులకు ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నారన్నమాట.

యజమానుల కష్టం తెలియక రాయడం లేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పడతాయి, ఏసీ పెట్టెలు త్వరగా పాడవుతాయి. ఖాళీగా ఉన్న నెలల్లోనూ వాచ్‌మన్ జీతం ఆగదు. డిసెంబరు చివరి వారంలో, రెండు రోజుల ముందు రావడం లేదని చెబితే ఆ ఇల్లు ఎవరికిస్తారు? అలాంటప్పుడు అడ్వాన్సు తిరిగి అడగడానికి నాకే మనసొప్పదు. మేం చెప్పింది నలభై రోజుల ముందు.

ఇక్కడి మిత్రులు చాలామంది "సుమారు ఏడు వందల డాలర్లు, పోనీలెండి" అన్నారు. వారి మీద గౌరవం ఉంది, ఆ మాటతో మాత్రం ఏకీభవించలేను. మనం పోనీలే అని వదిలేసిన డబ్బు ఆ ఊళ్లో పద్ధతిగా స్థిరపడుతుంది. అమెరికావాళ్లు అడగలేదు కాబట్టి రేపు శ్రీకాకుళం నుంచి సింహాచలం చందనోత్సవానికి వచ్చే గుమాస్తా కుటుంబం అడిగినా "ఇక్కడ ఎవరికీ ఇవ్వం" అన్న జవాబే వస్తుంది. వారికి ఆ పాతిక వేలు నెల జీతం. మన ఉదారత వల్ల వారి జేబుకు చిల్లు పడుతోంది.

అందుకే అడిగాను. ఫోన్లు మానేసి రాతపూర్వకంగా అడిగాను. ఏ రోజు ఎంత పంపామో, లావాదేవీ సంఖ్యలేమిటో, ఏ తేదీన రద్దు చెప్పామో, ఆ రాత్రులు మళ్లీ అద్దెకు వెళ్లిన సంగతి, అన్నీ ఒక పుటలో రాసి పదిహేను రోజుల గడువు పెట్టాను. డబ్బు చిన్నాన్న ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి ఆయన సంతకంతోనే రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. దూరదేశాల్లో ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. డబ్బు కట్టింది ఎవరో, ఇల్లు ఎవరి కోసమో మొదటి సందేశంలోనే రాసి ఉంచుకోవాలి.

గడువు దాటితే ఏం చేయాలో కూడా చూసుకున్నాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో వసతి కూడా సేవే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదును ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఇంట్లో కూర్చునే వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఫిర్యాదు వేయడానికి వ్యవధి రెండేళ్లు. అంతదాకా పోలేదు. పదకొండో రోజున 49,000 చిన్నాన్న ఖాతాలో పడ్డాయి. ఒక రాత్రి అద్దె ఉంచుకున్నారు. అది న్యాయమే అనిపించి మేం మళ్లీ అడగలేదు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఇలాంటి ఇళ్లకోసం ఒక పుట నమూనా ఒప్పందం తెలుగులో తయారుచేసి ఈ పత్రికలోనే అచ్చువేయాలని కోరుతున్నాను. పెద్ద పని కాదు. మాఘంలో పెళ్లికి సాగర్‌నగర్‌లో మేం తీసుకున్న ఇంటి యజమానురాలు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. భయపడుతూనే కాగితం అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, నోటుపుస్తకంలో పేజీ చింపి తానే రాసి ఫొటో పంపారు. నెల ముందు చెబితే మొత్తం తిరిగి ఇస్తారు. పది రోజుల ముందు వరకు చెబితే రెండు రాత్రుల అద్దె ఉంచుకుంటారు. ఆ తరవాతైతే అడ్వాన్సు రాదు. డిపాజిట్టు 10,000, ఎప్పుడు రద్దయినా పూర్తిగా వెనక్కి. చివరి పంక్తి, తుఫాను వస్తే అంతా వెనక్కి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కు కిటికీ అద్దాలన్నీ పోయిన ఇల్లది.

సంతకం పెట్టి పంపాక ఆవిడ ఫోను చేశారు. "రావడం లేదని తెలిస్తే ఆ రోజే చెప్పండి బాబూ. ఆ తేదీలకు ఇంకొకరు అడుగుతున్నారు, వాళ్లకైనా ఇల్లు దొరుకుతుంది" అన్నారు.