అంచు చదవకుండానే తూకం వేస్తున్నారు

వెండి ధర పెరిగిన ప్రతిసారీ ముందుగా మూసలోకి వెళ్లేది ఇళ్లలో పడివున్న పాత వెండి. విరిగిన కుంకుమ భరిణలు, అరిగిన పట్టీలతో పాటు తాతల నాటి మిలిటరీ బిళ్లలు కూడా అందులో కలిసిపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌నే తీసుకోండి. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద యోధుడు, 1914, 1918 అంకెలు. వ్యాసం 36 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 28 గ్రాములు, నూటికి 92.5 పాళ్లు వెండి. 1980లో ప్రపంచ మార్కెట్లో వెండి ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ఇవి ఎన్నో కరిగిపోయాయి. కిలో లక్ష రూపాయల చొప్పున కట్టినా లోహం విలువే రెండున్నర వేలు. నెల్లూరు చిన్నబజారులోనో ఒంగోలులోనో కంసాలి వేసే లెక్క అదే. ఆయన తప్పేమీ లేదు, ఆయన కొనేది వెండి. సైనికుడి పేరు కొట్టి ఉన్న అంచు చదవకుండా బిళ్లను త్రాసు దాకా తీసుకెళ్లిన ఇంటివాళ్లదే తప్పు. చదవడం తెలిసి కూడా, చదివింది ఎక్కడా రాసిపెట్టని సేకరణకర్తలది అంతకన్నా పెద్ద తప్పు.

ఈ పతకాలతో మనకు ఒక సౌలభ్యం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం పతకాలను బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే పంచింది. భారత సైనికులకు ఇచ్చిన వాటి మీద మాత్రం పేరు కొట్టించారు. గుండ్రటి మెడల్ అయితే అంచు మీద, ఆరు కోణాల స్టార్ అయితే వెనక నున్నటి వైపున ఉంటుంది. నంబరు, హోదా, పేరు, దళం అన్నీ ఇంగ్లిష్ పొట్టి అక్షరాల్లో, చాలాసార్లు భూతద్దం ఉంటే తప్ప కనిపించనంత చిన్నగా ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా మన సైన్యం ఆ పద్ధతిని వదల్లేదు. 1965 సమర సేవా స్టార్ అయినా, 1971 సంగ్రామ్ మెడల్ అయినా అది ఎవరిదో చెప్పేది ఆ అక్షరాలే.

దళం పేరు చదివితే కాలం కూడా తెలుస్తుంది. మద్రాసు పదాతి దళాలను 1920ల్లో ఒక్కొక్కటిగా రద్దు చేశారు. రెండో యుద్ధం వచ్చాకే మద్రాస్ రెజిమెంటు మళ్లీ లేచి నిలబడింది. మధ్యలో సైన్యపు ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ మాత్రం ఆగలేదు. అందుకే 1936 నాటి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్, అదీ వాయవ్య సరిహద్దు బారుతో (పోరు జరిగిన చోటు పేరుతో రిబ్బను మీద ఉండే చిన్న లోహపు పట్టీ), మద్రాస్ రెజిమెంట్ సిపాయి పేరు మీద అమ్మకానికి వస్తే వెంటనే నమ్మకూడదు. శాపర్ పేరు ఉంటే ఆశ్చర్యపడాల్సింది లేదు.

పేరు దొరికాక ఊరు వెతకడమే అసలు చిక్కు. అంచు మీద ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. ఉత్త వెంకయ్యో, రామయ్యో, మస్తానో ఉంటాడు, అదీ దొర రాసుకున్న స్పెల్లింగుతో. ఇలాంటి పేర్లు నెల్లూరు జిల్లాలో ఎన్ని వేలున్నాయో చెప్పనక్కర్లేదు. యుద్ధంలో చనిపోయినవారైతే, వాళ్ల సమాధుల లెక్క చూసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా దొరుకుతాయి. అక్కడ మనవాళ్లు తికమకపడేది జిల్లా దగ్గరే. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో, దానికి ప్రకాశం పేరు వచ్చింది 1972లో. అంతకు ముందు ఒంగోలు, అద్దంకి గుంటూరు జిల్లావి. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరువి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. పడమటి వైపు గిద్దలూరు, కొమరోలు, రాచర్ల ప్రాంతం నుంచి మిలిటరీకి వెళ్లినవారు ఎక్కువని జిల్లాలో అందరికీ తెలుసు. వాళ్ల తాతల పేర్లను పాత రికార్డులో ప్రకాశం కింద వెతికితే ఒక్కటీ కనిపించదు, కర్నూలు కింద చూడాలి. కందుకూరు 2022లో మళ్లీ నెల్లూరులోకి వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లకు ఈ బాధ తప్పింది, కాకతాళీయంగానే!

ధర విషయంలో మార్కెట్ చేసే తమాషా ఒకటుంది. బ్రిటిష్ వార్ మెడల్‌ను వెండిలో సుమారు 65 లక్షలు కొట్టించారు. కంచులో కొట్టించినవి సుమారు లక్షా పదివేలు. కంచువి ఎక్కువగా లేబర్ కోర్లలో మూటలు మోసినవారికి, రోడ్లు వేసినవారికి దక్కాయి. భారతీయులు, చైనీయులు, మాల్టా వాళ్లు అందులో ఎక్కువమంది. తుపాకీ పట్టని కూలీలకు వెండి దండగని ఆనాడు అనుకున్నారు. తక్కువగా దొరుకుతున్నాయి కాబట్టి ఇవాళ సేకరణకర్తలు ఆ కంచు బిళ్లకే ఎక్కువ ధర పెడుతున్నారు. మన ఇళ్లలో ఇప్పటికీ నడిచే లెక్క ఆ పాత లెక్కే. వెండిది బీరువాలో ఉంటుంది, కంచుది పాత సామాన్లవాడి బస్తాలోకి పోతుంది.

సెట్టును విడదీయడం ఇంకో నష్టం. ఒక మనిషికి ఇండియా సర్వీస్ మెడల్, వార్ మెడల్, మూడు రంగుల రిబ్బనుతో 1947 ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్, ఆ తర్వాత జమ్మూ కశ్మీర్ బారుతో జనరల్ సర్వీస్ మెడల్ ఉన్నాయనుకోండి. రాజు కింద చేరి, దేశంలోనే మూడేళ్లకు పైగా కొలువు చేసి, జెండా మారాక కశ్మీరు పోరులో ఉన్నాడని ఆ నాలుగూ కలిసి చెబుతాయి. వాటిని నలుగురికి అమ్మితే ఒక్కోటీ కొన్ని వందలు, మహా అయితే కొన్ని వేలు పలుకుతుంది. మనిషి మాత్రం ఎవరి దగ్గరా మిగలడు. బర్మా స్టార్ ఉన్న చోట ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ కూడా దొరికిన మంచి సెట్లు ఇలా ముక్కలైతే మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం. కలిపినట్టు కనిపించే వాటినీ అనుమానించాలి. బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ ఒకే మనిషికి ఇవ్వలేదు, రెండో దానికి బదులు బారు ఇచ్చారు. ఈ రెండూ ఒకే పేరుతో పక్కపక్కన కనిపిస్తే ఎవరో అతికించిన కథ అది.

మోసాల్లో పాత పద్ధతి అంచు గీకి కొత్త పేరు కొట్టడం. గీకిన చోట వ్యాసం తగ్గుతుంది. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు వైపులా కొలిస్తే దొరికిపోతారు. పోత పోసిన నకళ్లు లోహం చల్లారి ముడుచుకోవడం వల్ల అసలు కన్నా కొంచెం చిన్నగా ఉంటాయి, అక్షరాల కొనలు మొద్దుబారి కనిపిస్తాయి. శ్రీరంగపట్నం విజయానికి 1799 తర్వాత ఈస్టిండియా కంపెనీ పంచిన సింహం, పులి మెడల్ అంటూ అమ్మజూపేవాటిని మరీ జాగ్రత్తగా చూడాలి, దాని నకళ్లు చాలా ఉన్నాయి. పేరు లేనిదల్లా నకిలీ అనుకోవడం కూడా పొరపాటే. సర్కారు పతకం చేతికి రావడం ఆలస్యమైతే జవాన్లు కంటోన్మెంట్ బజారులో నకలు కొని యూనిఫాంకి పెట్టుకోవడం మామూలే. ఆ నకలుకు మార్కెట్లో విలువ లేదు కానీ పెట్టుకున్న మనిషి నిజం.

ఇంట్లో పెద్దవాళ్లు దీపారాధన కుందుల్లాగే ఈ బిళ్లల్ని కూడా చింతపండుతో తోముతారు. తళతళలాడతాయి, అంచు మీది సన్నటి అక్షరాలు మాత్రం తోమినకొద్దీ అరుగుతాయి. పొడిగుడ్డతో తుడిచి ఊరుకోవడమే మేలు.

చట్టాన్ని కూడా ఒకసారి గుర్తు చేయాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా విదేశాలకు పంపకూడదు. మొదటి యుద్ధం పతకాలకు ఆ వయసు వచ్చేసింది, కాబట్టి లండన్ వేలంలో ధర బాగుందని పార్శిల్ కట్టే ముందు ఆలోచించుకోవాలి. సర్వీసులో ఉన్న సైనికుడు తన పతకం అమ్మినా, తాకట్టు పెట్టినా 1950 సైనిక చట్టం ప్రకారం నేరం. పెట్టెలో బిళ్లల పక్కన పాత తూటా కనిపిస్తే అది సేకరణ కిందికి రాదు, ఆయుధాల చట్టం కిందికి వస్తుంది.

అమ్మడం పాపమని నేను అనను. మనవళ్లకు పట్టని వస్తువు, దాని విలువ తెలిసిన మనిషి చేతిలో ఉండటమే మంచిది. సేకరణకర్తలు కొనకపోతే సగం ఈపాటికి కరిగి ఉండేవి. అయితే కొన్నవాడు అంచు ఫొటో, సెట్టు ఫొటో, ఏ ఊరి నుంచి వచ్చిందన్న ఒక్క వాక్యం బయటపెట్టాలి. ధర దాచుకుంటే దాచుకోనివ్వండి. నెల్లూరులో, ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు మాజీ సైనికులు, వారి భార్యలు పింఛను పనుల మీద ఎలాగూ వస్తారు. అక్కడే ఒక రిజిస్టరు, ఒక సెల్‌ఫోన్ కెమెరా పెట్టడానికి ప్రత్యేక బడ్జెట్ అక్కర్లేదు. 1965, 1971 పతకాలతో మొదలుపెట్టాలి. వాటికి మార్కెట్లో ఇంకా పెద్ద ధర రాలేదు కాబట్టి నకళ్ల బెడద తక్కువ. 1971లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు డెబ్బై అయిదు. పూర్వీ స్టార్ పెట్టుకున్నాయన తూర్పున ఏ సెక్టారులో ఉన్నాడో, ఎవరితో వెళ్లాడో పతకం మీద రాసి ఉండదు, ఆయన్నే అడిగి రాసుకోవాలి.