కాస్త రెండు ముక్కలు చెప్పమ్మా

తెలుగునాట మానసిక సమస్యలన్నిటికీ ఒకటే మందు. దాని పేరు రెండు ముక్కలు. మూడు ఎవరూ అడగరు, ఒకదానితో సరిపెట్టుకోరు. పిల్లాడు చదవడం లేదా, రెండు ముక్కలు. కోడలు మాట్లాడటం లేదా, రెండు ముక్కలు. రిటైరైన మావగారు అర్ధరాత్రి లేచి హాల్లో పచార్లు చేస్తున్నారా, "మేడం, ఆయనకి కాస్త రెండు ముక్కలు చెప్పండి, మీరు చెబితే వింటారు."

విజయవాడ సూర్యారావుపేటలో ఇరవై ఏళ్లుగా ఈ ముక్కల వ్యాపారం చేస్తున్న సైకాలజిస్టుని. పై అంతస్తులో నా గది, కింద మందుల షాపు. నేను మందు రాయనని తెలిసిన క్షణం నుంచి షాపు కుర్రాడు నన్ను చూసి నవ్వడం మానేశాడు. వచ్చినవాళ్లకీ నా మీద గురి తక్కువే. సూది లేదు, స్కానింగ్ లేదు, ఊరికే మాట్లాడినందుకు ఫీజా?

ఈ రెండు ముక్కలు నేర్చుకోవడానికి ఎం.ఫిల్. రెండేళ్లు చదివాను. చదివాక రిహాబిలిటేషన్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నాను. తీరా చూస్తే అక్కడ ముఖ్యంగా నేర్పింది నోరు మూసుకుని వినడం. కార్ల్ రోజర్స్ అనే అమెరికా ఆయన జీవితమంతా ఇదే చెప్పాడు. ఎదుటి మనిషిని ఏ షరతూ పెట్టకుండా ఆదరించి, శ్రద్ధగా వింటే తన దారి తనే వెతుక్కుంటాడట. పాపం, ఆయన గుంటూరు పెళ్లిళ్లకు రాలేదు.

నేను వెళ్లాను. మొన్న మాఘమాసంలో, బ్రాడీపేటలో. బంతిలో కూర్చున్నాను. ఆకులో గోంగూర, పనసపొట్టు కూర, రెండు గారెలు. ఉలవచారు వచ్చింది, మీగడ కోసం చూస్తున్నాను. అప్పుడు మా పిన్ని మనవణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి నా పక్క కుర్చీలో కుదేసింది. వాడి ముందూ ఒక ఆకు పడింది.

"ఇంటర్ సెకండియర్. హాస్టల్లో బతిమాలి ఒక్క పూట పర్మిషన్ తీసుకున్నాం. నాలుగింటికల్లా అప్పగించాలి. చెప్పు."

"ఏం చెప్పను పిన్నీ?"

"అదేనే, అందరికీ చెబుతావుగా."

అలా కన్సల్టేషన్ మొదలైంది. మా వృత్తికి గోప్యత ప్రాణం. ఆ గోప్యతకు భంగం రాకుండా ఎదురు బంతివాళ్లు తినడం ఆపి నిశ్శబ్దంగా ఇటు తిరిగారు. మీగడ అబ్బాయి గిన్నెతో అక్కడే నిలబడిపోయాడు. వీడియో అతను మా మీదికి లైటు తిప్పాడు. పిన్ని కొంగు సర్దుకుని, "చెప్పవే, వీడియోలో పడుతుంది, వాడికి నెలనెలా వేసి చూపించొచ్చు" అంది. సైకాలజీలో ఇంత ముందుచూపు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"ఎలా ఉన్నావు నాన్నా?" అన్నాను.

"వాడికేం, బానే ఉన్నాడు. మార్కులే తగ్గాయి" అంది పిన్ని.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటావురా?"

"పదకొండున్నరకి. మళ్లీ అయిదింటికి లేపేస్తారు. చాలా మంచి కాలేజీ." ఇదీ పిన్నే.

ఎదురు బంతిలో పట్టు లాల్చీ ఆయన ఇక ఆగలేకపోయారు. "ఫోన్ లాగేసుకోండి మేడం, అదే దారికొస్తాడు." హాస్టల్లో వాడికి ఫోనే లేదని పిన్ని చెప్పింది. "అయితే ఒకటి కొనిచ్చి లాగేసుకోండి. భయం ఉండాలి." పక్కనున్న పెద్దాయన, తమ రోజుల్లో ఈ డిప్రెషన్లు గట్రా లేవనీ, ప్రకాశం బ్యారేజీ మీద నడిచి వెళ్లి చదువుకున్నామనీ మొదలుపెట్టారు. వడ్డించే అబ్బాయి వంగి, "మేడం, మజ్జిగపులుసు ఇప్పుడు వెయ్యనా, చెప్పడం అయ్యాక రమ్మంటారా?" అని అడిగాడు. ఆ బంతిలో నా పని మీద గౌరవం చూపించింది అతనొక్కడే.

నేను ఇంకో ప్రశ్న అడగబోతూ పిల్లాడి వైపు తిరిగాను. కొరికిన గారె చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. వేళ్ల మీది నుంచి అల్లప్పచ్చడి మణికట్టు దాకా కారుతోంది. వాడికి తెలియడం లేదు.

నా సొంత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సెల్ఫ్ కేర్ మీద ఉపన్యాసాలకు నన్నే పిలుస్తారు. రోజూ కాసేపు మీ కోసం ఉంచుకోండి అని ఊరందరికీ చెబుతాను. నాకు దొరికే ఆ కాసేపు అపార్ట్‌మెంట్ సెల్లార్లో. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ ఈదుకొచ్చి, కారు ఇంజన్ కట్టేసి, పది నిమిషాలు ఊరికే కూర్చుంటాను. నాలుగు రోజులు చూసి వాచ్‌మన్ పైకెళ్లి, మేడంగారికి ఒంట్లో బాలేదేమో అని చెప్పొచ్చాడు. ఆ రాత్రి మావారు టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, నాకు రెండు ముక్కలు చెప్పారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దంది, నలుగురిలో అవమానించొద్దంది. హాస్టళ్లలో ప్రాణం తీసుకోవడానికి వీల్లేని ఫ్యాన్లు పెట్టాలని కూడా ఒక మాట చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కాలేజీ నుంచి నాకు ఫోన్. నాలుగు వందల మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాలు. "కాస్త రెండు ముక్కలు మేడం. ఫొటో తీసి ఫైల్లో పెట్టుకుంటాం." లెక్క కట్టాను, ఒక్కొక్కరికి ఏడు సెకన్లు కూడా రావు. అయినా వెళ్లాను. ఆ సిగ్గు నాది.

నన్ను ముందు హాస్టల్ గదికి తీసుకెళ్లి ఫ్యాన్లు చూపించారు. కొత్తవి. చూపిస్తున్నాయన ముఖంలో గర్వం. ఫ్యాన్లు మార్చారు, టైంటేబుల్ మార్చలేదు! బ్యాచ్‌లు అలాగే ఉన్నాయి, కింది బ్యాచ్ పిల్లలు తల దించుకుని వెనక వరసలో కూర్చున్నారు. గోడ మీద ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలీమానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాయించారు. ఉచితంగా మాట్లాడతారు, మంచి ఏర్పాటే. పిల్లాడు దేంతో చెయ్యాలి ఫోన్, పెన్సిల్ బాక్స్‌తోనా? పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది ముఖ్యంగా ఆ నిద్రలోనే. దాన్ని అయిదున్నర గంటలే మిగిలేలా కోసేసి, మళ్లీ గుర్తుండటం లేదని నా దగ్గరికి తోలతారు. నేనేం చెప్పాలయ్యా వాళ్లకి? ఓర్చుకో అనా? మీరు చేస్తున్నదానికి నేను తియ్యటి పూత పూయాలా? లక్షలు పోసి పిల్లల నిద్ర అమ్ముకుంటున్న తల్లిదండ్రులకి ఎవరు చెబుతారు రెండు ముక్కలు?

పెళ్లిలో మాత్రం చెప్పాను. చెయ్యి కడిగించి, విడిది గదికి తీసుకెళ్లి, పరుపు మీది పట్టుచీరల మూటలు పక్కకి జరిపి, వాడి చెవిలో చెప్పాను. "వెళ్లి పడుకో."

రాత్రి ఏడింటికి పిన్ని ఫోన్. "నువ్వేం చెప్పావే వాడికి? అప్పటినుంచీ లేవడం లేదు. హాస్టల్ వాళ్లు ఒకటే ఫోన్లు. ఒక్కసారి వచ్చి, లేవమని కాస్త రెండు ముక్కలు చెప్పు."