తెల్ల ప్యాంటు పిల్ల ఎవరి పిల్ల?

నల్లగొండలోని ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి విరమణ పొందిన ఉపాధ్యాయిని ఒక పక్క, ఆమె దగ్గరే పదో తరగతి చదివి ఇప్పుడు హైదరాబాదులో ప్రకటనలకు మాటలు రాస్తున్న యువతి మరో పక్క కూర్చున్నారు. నెలసరి ప్యాడ్ల ప్రకటనలు ఆడవాళ్లను, ఆడపిల్లలను ఎలా చూపుతున్నాయన్నది వాదం. ఇద్దరూ మాట్లాడింది మా జిల్లా యాసలోనే అయినా నేను రాత భాషలోకి మార్చాను. మారిస్తే ప్రాణం పోయే మాటలను మాత్రం ముట్టుకోలేదు.

ఉపాధ్యాయిని: ముందు నా ఆరోపణ చెబుతాను, తరువాత నువ్వు కొట్టెయ్యి బిడ్డా. ఇన్నేళ్లుగా టీవీలో చూస్తున్న ఆ పిల్లకు ఒక రూపం స్థిరపడిపోయింది. తెల్లని ఒళ్లు, తెల్ల ప్యాంటు, పట్నపు ఇల్లు. ప్యాడ్ దొరికేదాకా ఆమె మూలన కూర్చొని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటుంది. దొరికిన మరుక్షణం మెట్లు దూకుతూ పోయి పోటీలో గెలుస్తుంది. ప్యాడ్ మీద పోసి చూపేది నీలిరంగు నీళ్లు. నెత్తురు కనిపించదు, కడుపునొప్పి కనిపించదు, నడుము లాగడం కనిపించదు, మరక భయం ఒక్కటే కనిపిస్తుంది. ఆ భయాన్ని మీరే పుట్టిస్తారు, దానికి మందు మీరే అమ్ముతారు. మా అమ్మల కాలంలో ముట్టు దాచుకోవలసిన మైల. మీ ప్రకటనలో అది దాచుకోవలసిన మరక. దాచడం మాత్రం ఎక్కడికీ పోలేదు.

యువతి: నీలిరంగును నేను సమర్థించను టీచర్. కానీ ఈ దాపరికం ప్రకటనలు తెచ్చింది కాదు, ప్రకటనలు వచ్చేసరికే ఇంట్లో కూర్చొని ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకు వాడిన చెక్కగుజ్జు దూదిని నర్సులు తమ నెలసరికి వాడుకోవడం చూసి, యుద్ధం ముగిశాక అమెరికాలో కోటెక్స్ పేరుతో ప్యాడ్లు అమ్మకానికి పెట్టారు. అప్పుడు సమస్య సరుకుది కాదు, అడగడానికి నోరు రాకపోవడమే. అందుకని దుకాణం బల్ల మీద ఒక పెట్టె పెట్టి, డబ్బు అందులో వేసి, అమ్మేవాడితో మాట్లాడకుండానే ప్యాకెట్ తీసుకుపోయే ఏర్పాటు చేశారు. ఆ దేశంలోనే టీవీ ప్రకటనలో ‘పీరియడ్’ అన్న మాట వినిపించడానికి 1985 దాకా పట్టింది. ఇక మన గడియారం సెంటర్ మెడికల్ షాపులో ప్యాకెట్‌ను పాత పేపరులో చుట్టి నల్ల కవరులో వేసి ఇస్తుంటే ఆ తప్పు నా రాతలదని ఎలా అంటారు?

ఉపాధ్యాయిని: నల్ల కవరు నీది కాకపోవచ్చు. కానీ 1980ల చివర మన దేశానికి వచ్చిన ఆ పెద్ద బ్రాండు తన పేరే విస్పర్ అని పెట్టుకుంది. విస్పర్ అంటే గుసగుస. నల్ల కవరు మీద ఉండవలసిన పేరును ప్యాకెట్ మీదే అచ్చు వేసుకున్నారు.

యువతి: ఆ గుసగుస అయినా వినిపించింది. మీకు కోపం రాకపోతే ఒకటి గుర్తు చేస్తాను. నేను పెద్దమనిషి అయినప్పుడు అమ్మ ఏమీ చెప్పలేదు. నాయనమ్మ చాప వేసి మూలన కూర్చోబెట్టి, పదకొండో రోజు స్నానం పోసి, చుట్టాలను పిలిచి పట్టుచీర కట్టించింది. ఊరంతటికీ భోజనం పెట్టిన ఆ విషయం ఏమిటో నాకు ఒక్కరూ చెప్పలేదు. బడికి వచ్చి మీ పాఠం కోసం ఎదురు చూశాను. పునరుత్పత్తి పాఠం వచ్చిన రోజున మీరు, ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండి’ అన్నారు. మీరు మాట్లాడని ఆ గంటలో టీవీ మాట్లాడింది టీచర్.

ఈ మాటకు టీచర్ ఎదురు చెప్పలేదు. నిజమేనని, మొదటి పదేళ్లు తాను ఆ పాఠాన్ని అలాగే దాటవేశానని, ఆడపిల్లలే ఉన్న తరగతిలో, తానూ ఆడదే అయి ఉండి కూడా ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెగిలేది కాదని ఒప్పుకున్నారు. వాదంలో ఓడిపోతామని తెలిసీ ఇలా ఒప్పుకొనేవాళ్లు తక్కువ. ఆ తరువాత ఆమె గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు.

ఉపాధ్యాయిని: నేను మాట్లాడకపోవడం తప్పే. అయితే నా తప్పు వల్ల ఖాళీ అయిన చోట టీవీ ఏం చెప్పిందో కూడా చూడాలి కదా. గుడ్డ మురికిదని చెప్పింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు: పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడపిల్లల్లో ప్యాడ్లు వాడుతున్నామన్నవాళ్లు 64 శాతం ఉంటే, గుడ్డ వాడుతున్నామన్నవాళ్లు 50 శాతం. కలిపితే నూరు దాటుతుంది, ఎందుకంటే చాలామంది రెండూ వాడుతున్నారు. బడికి పోయే రోజున ప్యాడ్, ఇంట్లో ఉన్న రోజున గుడ్డ. ఈ పొదుపు లెక్క తెలిసిన పిల్ల ఏ ప్రకటనలోనైనా ఉందా? గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలని, మంచం కింద చీకట్లో దాచవద్దని ఒక్కరైనా చెప్పారా?

యువతి: ప్యాడ్ అమ్మేవాడిని గుడ్డ ఆరేయడం నేర్పమంటే ఎలా? అదే సర్వేలో శుభ్రమైన పద్ధతులు పాటించేవాళ్లు అంతకు ముందు 58 శాతం ఉంటే ఈసారి 78 శాతమయ్యారు. ఆ పెరుగుదలలో మాకు పాలే లేదా?

ఉపాధ్యాయిని: ఉందేమో. కానీ 2011లో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఆరు రూపాయలకు ఆరు ప్యాడ్లు ఇవ్వడం మొదలు పెట్టింది. 2018లో ప్యాడ్ల మీద పన్నెండు శాతం జీఎస్టీ ఎత్తివేశారు. 2019లో జనఔషధి దుకాణంలో ప్యాడ్ ఒక రూపాయికి వచ్చింది. ధర దిగితే చెయ్యి చాస్తారు, ప్రకటన పాట వింటే కాదు.

యువతి: ఆ ఆరు రూపాయల ప్యాకెట్‌కు సర్కారు పెట్టిన పేరు ‘ఫ్రీడేస్’, అంటే స్వేచ్ఛగా తిరిగే రోజులు. అది ఎవరి భాష టీచర్? మాదే.

ఇద్దరూ నవ్వారు. అక్కడి నుంచి మాట కొత్త తరహా ప్రకటనల మీదికి మళ్లింది. యువతి తన పక్షానికి బలమనుకొన్నవి వరుసగా ముందు పెట్టింది: 2014లో ఊరగాయ జాడిని ముట్టుకొమ్మని చెప్పి మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ ప్రకటనల పోటీలో గ్లాస్ లయన్ గ్రాండ్ ప్రీ అనే పెద్ద బహుమతి గెలిచిన విస్పర్ ప్రకటన, 2017లో బ్రిటన్‌లో బాడీఫామ్ అనే ప్యాడ్ల బ్రాండు నీలిరంగు వదిలేసి ఎరుపు చూపించడం, 2020లో మన దేశంలోనూ రియో ప్యాడ్ల ప్రకటనలో ఎరుపు రావడం.

ఉపాధ్యాయిని: తొక్కు జాడి ప్రకటన నాకూ నచ్చింది. ముట్టయినవాళ్లు చేయి పెడితే తొక్కు బూజు పడుతుందని మా అత్త నన్ను ఇరవై ఏళ్లు జాడి దగ్గరికి రానియ్యలేదు, తడి గరిటె పెట్టినా బూజు పడుతుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఆ ఒక్కదానికి నీకు మార్కులు వేస్తాను. కానీ చదువు మానేసే పిల్ల ప్రకటనలు ఉన్నాయే, వాటి దగ్గర నాకు పేచీ ఉంది. నెలసరి గురించి తెలియక ప్రతి ఐదుగురిలో ఒక పిల్ల బడి మానేస్తోందని ఆ ప్రకటన చెబుతుంది. నా తరగతిలో పిల్లలు ఎందుకు మానేశారో నాకు తెలుసు. దేవరకొండ వైపు తండాల నుంచి బస్సు లేక మానేశారు. అమ్మానాన్నలు బొంబాయి, పుణె మట్టిపనికి వలస పోతే చెల్లెళ్లను చూసుకోవడానికి మానేశారు. పత్తి ఏరే కాలం వచ్చినప్పుడు కూలి కోసం మానేశారు. పెళ్లి చేస్తే మానేశారు. నెలసరి కష్టం కూడా ఉంది, కాదనను, కానీ అది ఎక్కువగా నీళ్లు రాని మరుగుదొడ్డి కష్టం. వీటన్నిటినీ ఒక ప్యాకెట్ తీరుస్తుందన్నట్టు చూపితే ఎలా ఊరుకోను? పైగా రూపం చూడు: పట్నపు పిల్ల అయితే గెలుస్తుంది, పల్లె పిల్ల అయితే ఏడుస్తుంది. ఒకతె పతకం తెస్తుంది, ఇంకొకతె జాలి తెస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కతీ మామూలుగా బతకదు.

యువతి: ముప్పై సెకన్లలో బస్సును, వలసను, పెళ్లిని, కుళాయిని ఇరికించలేను. ఏదో ఒక కొస పట్టుకోవాలి. ప్యాడ్ కంపెనీ ప్యాడ్ కొసే పట్టుకుంటుంది.

ఉపాధ్యాయిని: అయితే రెండో కొస కూడా చూపించండి. వాడిన ప్యాడ్ ఎటు పోతుంది? పారవేయడానికి కవరు ఇవ్వాలని 2016 చెత్త నిర్వహణ నిబంధనలు తయారీదారులకే చెప్పాయి. ప్రకటనలో మాత్రం ఆ పిల్ల ప్యాడ్ విప్పడమే ఉండదు.

యువతి దీనికి సమాధానం చెప్పకుండా తన అసలు వాదానికి వచ్చింది. ఈ చర్చలో నాకు గట్టిగా తగిలిన ఘట్టం ఇదే గనుక కొంచెం పూర్తిగా రాస్తున్నాను.

యువతి: ఆగకుండా పరుగెత్తే పిల్లను చూసి మీరు వెక్కిరిస్తున్నారు. మరి ఆగిన పిల్లను చూపితే ఏమవుతుందో ఆలోచించారా? ‘ఆ మూడు రోజులు వీళ్లు పని చేయలేరు’ అని యజమాని అంటాడు, ‘అందుకే బయట కూర్చోబెట్టాం’ అని నాయనమ్మ అంటుంది. ఆ పరుగు అబద్ధమే కావచ్చు, కానీ ‘నువ్వు చేయలేవు’ అన్న పాత అబద్ధానికి జవాబుగా పుట్టిన అబద్ధం అది.

ఉపాధ్యాయిని: మంచి మాట అన్నావు. మూడు రోజులు బయట కూర్చోబెట్టడాన్ని నేను విశ్రాంతి అనను. ఎవరూ తాకని కంచంలో అన్నం తినడం విశ్రాంతి కాదు. కానీ నొప్పితో వంగిపోయిన పిల్ల టీవీలో దూకుతున్న పిల్లను చూసి తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. నా దగ్గరికి వచ్చి అలా అడిగినవాళ్లున్నారు. ‘అందరూ ఆడుకుంటున్నారు, నాకే ఎందుకు టీచర్?’ అని. మైల అనే మాట పోయింది, నీరసం అనే కొత్త నేరం వచ్చింది. ఇంకో సంగతి చెబుతాను. మన జిల్లాలో పత్తి ఏరే ఆడవాళ్లు ఉన్నారు. చీర మీద మగవాళ్ల అంగీ తొడుక్కొని, నడుముకు ఒడి కట్టుకొని పొద్దంతా వంగి ఏరుతారు. వాళ్లకు మూడు రోజుల మూల లేదు, తెల్ల ప్యాంటు లేదు. ‘పత్తిలాంటి మెత్తదనం’ అని మీరు అమ్మే దానిలో ఉండేది ఎక్కువగా చెక్కగుజ్జు, నీటిని పట్టే రసాయన గుళికలు, పైన ప్లాస్టిక్ పొర. పత్తి ఏరేది వీళ్లు, ఆ పత్తి పేరు వాడుకొనేది మీరు, ప్రకటనలో కనిపించేది ఇంకెవరో.

యువతి: సరే. ఇరవై సెకన్లు మీకే ఇస్తున్నాను. మీరే రాయండి.

టీచర్ నిజంగానే కాగితం తీసుకున్నారు. పత్తి చేను, మధ్యాహ్నం సద్ది విప్పే వేళ, ఒకామె పక్కామెతో ‘ఉన్నదా?’ అని అడుగుతుంది. ఆమె తన సంచిలోంచి తీసి ఇస్తుంది. ఎక్కడ మార్చుకోవాలా అని ఇద్దరూ చుట్టూ చూస్తారు. అంతే రాశారు.

యువతి: ఎక్కడ మార్చుకుంటారు? అది చూపకపోతే ప్రకటన పూర్తి కాదు.

ఉపాధ్యాయిని: పత్తి చేలో చెట్టు చాటు కూడా ఉండదు బిడ్డా. అందుకే అక్కడ ఆపాను.

యువతి కాగితాన్ని మళ్లీ చదివి, తన వృత్తిలో అందరూ అడిగే ప్రశ్నే అడిగింది.

యువతి: ఆమె చీర ఏ రంగు?

ఉపాధ్యాయిని: ముదురు రంగు ఏదైనా. ఆ రోజుల్లో అవే కట్టుకుంటారు.

యువతి: అంటే మరక భయం టీవీ లేని చేలో కూడా ఉందన్నమాట.

ఉపాధ్యాయిని: ఉంది. నా మొదటి ఆరోపణలో ‘మీరే పుట్టిస్తారు’ అన్నది కొట్టెయ్యి. ‘మీరే అమ్ముతారు’ అన్నది ఉండనియ్యి.