కాలువ కట్టేసిన రోజుల్లో ఈ తోటకు నీళ్లెవరు పోస్తారు?

భీమవరంలో ఓ ఆదివారం ఉదయం ఒక స్కూలు ఆవరణలో టేబుల్ వేసుకుని కూర్చున్నాను. వెనకాల బ్యానర్: 'మన కాలనీ తోట, మన కూరగాయలు మనమే పండిద్దాం'. ముందు రసీదు పుస్తకం, క్యూఆర్ కోడ్ అట్ట, కడియం నర్సరీల నుంచి తెప్పించిన కరివేపాకు, మునగ, మల్లె మొక్కలు. పక్కన పునుగులు, గారెల స్టాలు. వచ్చిన డబ్బంతా మా కాలనీలో ఖాళీగా పడి ఉన్న ఎనిమిది సెంట్ల స్థలాన్ని అందరం కలిసి కూరగాయల తోటగా మార్చడానికి. రసీదులు రాయడం, అడిగినవాళ్లకు వివరం చెప్పడం నా పని.

చొక్కాకి 'వాలంటీర్' అని బ్యాడ్జి పెట్టారు. అరగంట గడవకముందే ఒక పెద్దావిడ వచ్చి తన పింఛను సంగతి ఏం చేశారని నిలదీసింది. 2019 నుంచి కొన్నేళ్లపాటు మన రాష్ట్రంలో ఆ మాటకు ఒకటే అర్థం మరి, ఇంటికి పింఛను తెచ్చిచ్చే ప్రభుత్వ వాలంటీరు. బ్యాడ్జి తీసి జేబులో పెట్టుకున్నాను.

అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. ఉండి అనే ఊరి వైపు నుంచి ఏదో పని మీద వచ్చిన రైతు ఒకాయన బ్యానర్ రెండుసార్లు చదివి, "గోదావరి జిల్లాలో కూరగాయలు పండించుకోడానికి చందాలేంటండీ బాబూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, వంద రూపాయలు ఇచ్చాడు కూడా. నేను బ్యానర్ మీద ఉన్నదే ఇంకాస్త గట్టిగా చెప్పాను. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన ప్రశ్న సరైనదేనని, తప్పు మా బ్యానర్‌లోనే ఉందని ఒప్పుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా వరికి అలవాటుపడింది. అయినా కూరకు వెతుక్కున్న రోజులు తక్కువ. చేలగట్ల మీద కంది, బెండ ఉండేవి. పాక మీద ఆనపపాదు, దొడ్లో దొండపందిరి, నూతి దగ్గర వాడిన నీళ్లు పారేచోట కంద, బచ్చలి. చుట్టాలు వస్తే దొడ్లోకి వెళ్లి కోసుకురావడమే తప్ప సంచీ పట్టుకుని బజారుకు పోవడం ఎక్కడిది! తర్వాత చేపల చెరువులు వచ్చాయి. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి దొరికాక చెరువుల తవ్వకం ఇంకా ఊపందుకుంది. చేలతోపాటు చేలగట్లూ పోయాయి. ఊళ్లలో పెంకుటిళ్లు పోయి డాబాలు లేచాయి, దొడ్డికి సిమెంటు పడింది. ఇప్పుడు టమాటా మదనపల్లె వైపు నుంచి వస్తుంది. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్‌లో దిగుతాయి. వంగ, బీర, బెండ చాలావరకు గోదావరి మధ్య దీవుల్లా ఉండే లంకల నుంచి రావాలి. 2022 జులై వరదకు లంకలు మునిగాయి. అలాంటప్పుడు నీళ్లలో పోయేది లంక రైతు ఒక్కడి పంటే కాదు, మన వంటింటి కూర కూడా. ఆ ఉండి రైతును నేనూ తిరిగి అడిగాను, మీ ఇంట్లో కూరగాయలు ఎక్కడివని. "కొనుక్కోవడమే లెండి," అన్నాడు, కాస్త గొంతు తగ్గించి.

అంటే తోట అవసరమేనా? తొందరపడొద్దు. ముందు లెక్క చూద్దాం. ఈ లెక్క మేం చందాలకు బయల్దేరకముందే వేసుకోవాల్సింది.

ఎనిమిది సెంట్లంటే సుమారు 320 చదరపు మీటర్లు. దారులు, నీళ్ల తొట్టి, ఎరువు గుంటలు, సామాను పెట్టుకునే రేకుల షెడ్డు పోగా మళ్లకు మిగిలేది అందులో సగం, 160 చదరపు మీటర్లు. ఏడాది పొడుగునా ఏదో ఒక పంట ఉండేలా చూసుకుని, చదరపు మీటరుకు ఏడాదికి ఐదు కిలోలు తీశామనుకుందాం. మాలాంటి కొత్తవాళ్లకు అది మంచి దిగుబడే. మొత్తం 800 కిలోలు. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో కూరగాయలు వండితే ఏడాదికి 365 కిలోలు కావాలి. అంటే మా తోట రెండు కుటుంబాలకు సరిపోతుంది. మా వాట్సాప్ గ్రూపులో 112 మంది ఉన్నారు.

రోజూ పొద్దున, సాయంత్రం చూసుకోడానికి ఒక మనిషిని పెట్టి నెలకు 6,000 ఇచ్చినా ఏడాదికి 72,000. ఒక్క కూలి ఖర్చే కిలోకు 90 రూపాయలు పడుతుంది. విత్తనం, ఎరువు, నీళ్లు ఇంకా కలపలేదు. రైతుబజారులో వంకాయలు చాలా నెలలు అందులో సగం ధరకే దొరుకుతాయి. పట్టణంలోని తోటలు నిజంగా తిండిపెట్టిన చోట్లు లోకంలో లేకపోలేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి చమురు, ఎరువులు ఆగిపోయినప్పుడు క్యూబా రాజధాని హవానాలో ఖాళీ స్థలాలన్నీ కూరగాయల మళ్లయ్యాయి. కానీ అక్కడ ఆకలి తరిమింది, పైగా అది డబ్బు తీసుకుని చేసే పని. మనకు ఆదివారం తీరిక తప్ప అలాంటి అవసరం ఏదీ లేదు.

కాబట్టి 'చవగ్గా కూరగాయలు' అని చందా అడిగితే అది అబద్ధం. 'పేదలకు పోషకాహారం' అన్నా అంతే, మా కరపత్రంలో ఆ ముక్క కూడా ఉంది. ఈ రెండూ తీసేశాక ఏం మిగులుతుంది? కాలనీ ఇళ్లలో పోగయ్యే తడిచెత్త మిగులుతుంది. తడి, పొడి వేరుచేసి ఇవ్వాలని 2016 నుంచి నిబంధన ఉంది. చాలా వీధుల్లో మాత్రం రెండూ ఒకే సంచిలో పోతున్నాయి, కొన్నిసార్లు నేరుగా యనమదుర్రు కాలువలోకే. పట్టణపు చెత్తలో దాదాపు సగం తడిచెత్తే. దాన్ని ఊరు దాటించకుండా మట్టిగా మార్చడానికి ఎనిమిది సెంట్లు బాగానే ఉపయోగపడతాయి. బెండకాయ చెట్టుకు నిటారుగా పైకి కాస్తుందని తెలియని పిల్లలకు దాన్ని చూపించొచ్చు. పొలం కౌలుకిచ్చేసి కొడుకు ఫ్లాటులో టీవీ ముందు కూర్చున్న పెద్దాయనకు పొద్దున్నే వెళ్లడానికి ఒక చోటు దొరుకుతుంది. ఇవి చిన్నవేమీ కావు, ఇచ్చే డబ్బుకు తగినవే. కాకపోతే బ్యానర్ మీద ఇంత ఊపుగా కనపడవు.

మనవాళ్లకు ఇచ్చే చెయ్యి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లంకల గన్నవరంలో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో పోయారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెడితే ఈ జిల్లాల్లో ఆమె ఎవరని అడిగినవాళ్లు లేరు. మావుళ్లమ్మ ఉత్సవాలకు, వినాయక చవితి పందిరికి అడగడమే ఆలస్యం, చందాలు వచ్చిపడతాయి. ఆ ఆదివారం కూడా మా టేబుల్ దగ్గర 60 వేల పైచిలుకు పోగైంది. కానీ ఈ దానాలన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇచ్చిన రోజునే ఫలితం కళ్ల ముందుంటుంది. విస్తరి వేస్తారు, తింటారు, చెయ్యి కడుక్కుంటారు, పుణ్యం ఖాతాలో పడిపోతుంది. తోట అలా కాదు. ఈ రోజు ఇచ్చిన వంద రూపాయలకు వచ్చే మే నెలలో గానీ పరీక్ష రాదు.

మే నెల అని ఎందుకంటున్నానో డెల్టావాళ్లకు చెప్పక్కర్లేదు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా పట్టణాలు చెరువుల్లో నింపుకున్న మంచినీళ్లతో నెట్టుకురావాలి. మా వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. 160 చదరపు మీటర్ల మళ్లకు ఆ ఎండలో చదరపు మీటరుకు ఐదు లీటర్ల చొప్పున రోజుకు 800 లీటర్లు కావాలి. యాభై రోజులకు 40 వేల లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. జనం తాగే నీళ్లకే టెన్షన్ పడుతున్నప్పుడు తోటకు ట్యాంకరు తెప్పిస్తే కాలనీలో ఎవరికైనా ఒళ్లు మండదా? దీనికి దారి లేకపోలేదు. మే నెలలో మళ్లు ఖాళీగా ఉంచి ఎండుగడ్డి కప్పేయొచ్చు, పక్క డాబాల మీది వానను అక్టోబరులోనే తొట్టెలోకి మళ్లించొచ్చు. ఆ తొట్టెకే మా బడ్జెట్‌లో పైసా కేటాయించలేదు. బోర్డుకు, గేటుకు, ప్రారంభోత్సవం రోజు షామియానాకు మాత్రం ఉంది.

మట్టి కూడా అంతే. డెల్టాలో ఇళ్ల స్థలం అంటే మెరక తోలిన స్థలం. మా ఎనిమిది సెంట్లలో పైన రెండడుగులు కూల్చిన ఇళ్ల రద్దు, చెరువు మట్టి. ఆ చెరువు మట్టిలో ఉప్పు ఉంది. మొదట నాటిన నారు వారంలో అంచులు మాడి చచ్చిపోయింది. నేలను మార్చడం కుదరదని, దాని పైనే ఇటుకల మళ్లు కట్టి ట్రాక్టరుతో మంచి మట్టి తోలించాం. చందాలో పెద్ద ముక్క దానికే పోయింది. ఇది ఎవరికీ ఫొటోలో కనపడదు.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం రొయ్యల షెడ్డులో పనిచేసే ఒకావిడ కూతురికి మల్లెమొక్క కొనడానికి వచ్చింది. టేబుల్ మీద ఉన్న మా తోట ప్లాను చూసి, వంగమళ్లకు పడమర పక్కన మునగ ఎందుకు గీశారని అడిగింది. సాయంత్రం ఎండ అడ్డుపడుతుంది, వంగకి ఎండ కావాలంది. నీళ్లు తూర్పు నుంచి పెడుతున్నారు కదా, చివరి మడికి అందవు, కాలువ మధ్యలో తీయండి అంది. పెళ్లి కాకముందు నుంచీ కూలి పనికి వెళ్లిందట, నాట్లు, కలుపు, కోతలు అన్నీ చేసింది. ఆ చేలు చెరువులయ్యాక షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి వచ్చేసింది. మా కమిటీలో ఇంజినీర్లు ఇద్దరు, బ్యాంకు ఉద్యోగి, డాక్టరు ఉన్నారు. ఆవిడ చూసిన తప్పు మాకెవరికీ కనపడలేదు.

పండించడం తెలిసినవాళ్లు ఈ పట్టణంలో వేలమంది ఉన్నారు. వాళ్లు మా వాట్సాప్ గ్రూపులో లేరు. మా కాలనీకి అంట్లు తోమడానికో, మేడ కట్టడానికో వస్తారు. 'కమ్యూనిటీ' అని బ్యానర్ మీద రాసినప్పుడు మా మనసులో ఉన్నది మేం మాత్రమే. తోట గేటు తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్న చర్చ కమిటీలో గంటన్నర నడిచింది. పేట నుంచి ఎవరైనా వచ్చి కూరలు కోసుకుపోతే ఎలా అన్నది అసలు భయం. పైకి ఎవరూ ఆ మాట అనలేదు, 'సెక్యూరిటీ' అన్నారు. కులం, వీధి, అద్దె ఇల్లు, సొంత ఇల్లు ఇవన్నీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మాటలో దాక్కుంటాయి.

అందుకే నా లెక్కలో చందాలో మొదటి వాటా కూలికి పోవాలి. వాలంటీర్లు ఆదివారం వచ్చి ఉచితంగా తవ్వితే అది చూడముచ్చటైన పని, అంతే. మంగళవారం పొద్దున ఆకుముడత కనపడితే చూసేదెవరు? పని తెలిసిన మనిషికి నెల జీతం ఇచ్చి, ఏ మడిలో ఏం వెయ్యాలో నిర్ణయించే అధికారం కూడా ఆ మనిషికే ఇవ్వాలి. కిలో 90 రూపాయలు పడుతుందని పైన చెప్పాను కదా, ఆ 90 ఎక్కడికి పోతోందో తెలిస్తే ఇచ్చేవాళ్లు ఇస్తారు.

రెండో వాటా కాగితానికి. మా స్థలం ఒక పెద్దమనిషిది, 'వాడుకోండి, నేను అడిగినప్పుడు చూద్దాం' అన్నారు. ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఊళ్లో సెంటు రేటు బాగా ఎక్కువగా ఉంది, ఎప్పుడైనా అమ్మాలనిపించొచ్చు. 1999లో న్యూయార్క్ నగరపాలకులు నూటికి పైగా కాలనీ తోటలను వేలానికి పెట్టారు. ఏళ్ల తరబడి జనం చెత్తకుప్పల్ని తోటలుగా మార్చిన స్థలాలవి. చివరికి రెండు సంస్థలు 42 లక్షల డాలర్లు పోగుచేసి కొంటే అవి మిగిలాయి. మన లేఅవుట్లలో పదో వంతు ఖాళీ స్థలం ఉమ్మడిగా వదలాలన్న నిబంధన ఉంది. అలాంటి చోట కౌన్సిల్ తీర్మానంతో ఐదేళ్లకు అనుమతి తెచ్చుకోవడం, ముఖం తెలిసినాయన సొంత స్థలంలో లక్ష రూపాయల మట్టి పోయడం కన్నా తెలివైన పని. విసుగు పని కూడా, ఆఫీసుల చుట్టూ తిరగాలి. వాలంటీర్లు నిజంగా చేయగలిగిన పని ఇదే, గునపం పట్టడం కాదు.

ఇంతా చేస్తే చందా ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "80జీ ఉందాండీ?" అంటే చందాకు ఆదాయపు పన్ను మినహాయింపు. కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకు అది ఉన్నా ఉపయోగం లేదని చెబితే ఒకాయన ఇవ్వబోయిన ఐదువేలు రెండువేలు చేశాడు. స్థలం ఎవరిది, ఎన్నాళ్లకు, మే నెలలో నీళ్లెక్కడివి అని ఒక్కరూ అడగలేదు, ఉండి రైతుతో కలిపి.

సంక్రాంతి తర్వాత మళ్లీ స్టాలు పెట్టాలని కమిటీ అనుకుంటోంది. బ్యానర్ మార్చమని నేను పట్టుబట్టాను. కొత్తదానిలో మూడు లైన్లున్నాయి: తోటమేస్త్రికి జీతం నెలకు 6,000, వాన తొట్టె, స్థలం అనుమతి. ఇంజినీరుగారు ఇది కిరాణా చీటీలా ఉందన్నారు. షెడ్డు పనికి వెళ్లే ఆవిడను తోటమేస్త్రిగా రమ్మని అడిగాం. షెడ్డులో ఇంతకన్నా ఎక్కువే వస్తుందట. అయినా చేతులు రోజంతా ఐసులో పెట్టే పని కాదు కదా, ఆలోచించి చెబుతానంది. ముందు ఆ మునగను తూర్పుకు మార్చమంది.