అసలు రికార్డే తప్పు

విజయవాడలో సినిమా హీరో అభిమానికి ఏ లోటూ లేదు. కటౌట్‌కి కర్రలున్నాయి, అభిషేకానికి పాల ప్యాకెట్లున్నాయి, తెల్లవారుజాము షో ఉంది, జిల్లా అధ్యక్షుడున్నాడు. ఫ్లెక్సీ అడుగున వరసగా వేసే ఫొటోల్లో ఎవడి మొహం ఎవడి పక్కన ఉండాలో ప్రొటోకాల్ కూడా ఉంది. అదే ఊళ్లో, సత్యనారాయణపురంలో ఓ మేడమీది గదిలో, ముప్పై ఐదేళ్లుగా చెవులకు డిప్పలు తగిలించుకుని పింక్ ఫ్లాయిడ్, క్రాఫ్ట్‌వెర్క్ లాంటి విదేశీ బృందాల్ని వింటూ జుట్టు నెరిసిన మనిషికి ఏముంది? సంఘం లేదు, ఫ్లెక్సీ లేదు. 1970లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మొదలైన క్రాఫ్ట్‌వెర్క్‌కి బీసెంట్ రోడ్డులో పాలాభిషేకం చేద్దామంటే వచ్చేది ఇద్దరు. అందులో ఒకడు గుంటూరు నుంచి రావాలి, చీకటి పడకముందే బస్సెక్కాలి.

ఈ అన్యాయాన్ని సరిదిద్దాలంటే ముందు సీనియారిటీ లిస్టు తయారు కావాలి. ఏ డిపార్ట్‌మెంట్‌లోనైనా తగాదా అక్కడే కదా. ఫోన్‌లో ప్లేలిస్టు చూపిస్తే ఒప్పుకోకూడదు. నిన్న సాయంత్రం మొదలెట్టినవాడి దగ్గరా అదే ఉంటుంది. బృంద సభ్యుల పేర్లు, ఎవరు ఎప్పుడు అలిగి వెళ్లిపోయారు వంటి ప్రశ్నలూ పనికిరావు, గైడు చదివి రాసేస్తారు. పరీక్ష ఒక్కటే: పాట ఎక్కడ తప్పుగా ఉండాలో అభ్యర్థికి తెలియాలి.

వివరిస్తాం. అప్పట్లో ఈ సంగీతం ఊళ్లోకి వచ్చిన దారి రికార్డింగ్ సెంటర్. బ్లాంక్ కేసెట్ పట్టుకెళ్లి, చీటీ రాసిచ్చి, నాలుగు రోజులు తిరిగితే ఇచ్చేవాడు. సి-60 కేసెట్ అయితే ఒక్కో వైపు 30 నిమిషాలు, సి-90 అయితే 45. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' నిడివి సుమారు 43 నిమిషాలు. పొదుపుకని సి-60 తీసుకెళ్లినవాడికి అందులోని 'అస్ అండ్ దెమ్' పాట నాలుగు నిమిషాలు దాటి మంచి ఊపులో ఉండగా టేపు అయిపోయేది, ప్లే బటన్ టక్కున పైకి లేచేది. కేసెట్ తిరగేసి పెడితే మిగతా సగం. ఆ అభిమాని దృష్టిలో ఆ పాటలో ఆ 'టక్కు' ఒక వాయిద్యం. లండన్‌లో మిక్స్ చేసినవాళ్లు దాన్ని మరిచిపోయారంతే.

సి-90 తీసుకెళ్లినవాడి కథ ఇంకా లోతైనది. సెంటర్‌లో పొద్దున పది నుంచి రాత్రి పది దాకా తిరిగే రికార్డింగ్ డెక్కులో బెల్టు సాగుతుంది, టేపుని లాగే నల్ల రబ్బరు చక్రం నున్నబడి జారుతుంది. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. అది కాస్తా నాలుగున్నరకు దిగుతుంది. నెమ్మదిగా తిరిగే డెక్కులో ఎక్కించిన పాటని ఇంట్లో సవ్యంగా తిరిగే టేపురికార్డర్‌లో వేస్తే ఏమవుతుంది? పరుగెడుతుంది. ఆరు శాతం తేడా వస్తే చాలు, ఒకటో శ్రుతిలో పాడినది ఒకటిన్నరలో వినిపిస్తుంది. 43 నిమిషాల ఆల్బమ్ నలభైన్నరకే ముగుస్తుంది. ఇంకా నాలుగు నిమిషాల పైన టేపు మిగులుతుంది. ఖాళీగా ఇస్తే కస్టమర్ అడుగుతాడని, సెంటర్ అబ్బాయి చేతికందిన హిందీ డిస్కో పాట ఒకటి పడేసేవాడు. పల్లవి, ఒక చరణం, రెండో చరణంలో రెండు ముక్కలు. ఆ ఆల్బమ్ చివర గుండె చప్పుడు మెల్లగా ఆగిపోయి, ఒక నిమిషం తాత్విక నిశ్శబ్దం ఉండాల్సిన చోట, ధింతక ధింతక అంటూ ఎవరో అమ్మాయి పాడుతుంది. ముప్పై ఐదేళ్లు అలా విన్నవాడికి అది లేని ఆల్బమ్ అసంపూర్ణం. మన ప్రతిపాదన ప్రకారం ఇతను పూర్తి అర్హుడు.

టేపు నలిగి తెగిన కేసులకు అదనపు మార్కులు ఉండాలి. అతికించటం తెలిసినవాడు వేరు, సెల్లోటేపు వేసినవాడు వేరు. కేసెట్‌కున్న అయిదు చిన్న స్క్రూలు విప్పాలి. నలిగిన మేర కత్తిరించాలి, అదీ నిలువుగా కాదు, ఏటవాలుగా, అతుకు దగ్గర చప్పుడు రాకుండా. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ముట్టుకోవాలంతే. అతుకు, టేపుని చదివే హెడ్డుకి తగిలే వైపు కాదు, వెనక వైపు వేయాలి. సెల్లోటేపు జిగురు బెజవాడ ఎండకి కారి పక్క చుట్టకి అంటుకుని, ఆపైన హెడ్డుకి పట్టి, తెగినదానికంటే ఎక్కువ నాశనం చేస్తుంది. పది సెంటీమీటర్లు కత్తిరిస్తే పాటలో రెండు సెకన్లు పోతాయి. టేపుకి రెండు వైపులా పాటలున్నాయి కాబట్టి బి సైడ్‌లో, ఏ పాపమూ ఎరగని ఇంకో పాటలోనూ రెండు సెకన్లు పోతాయి. ఆ రెండు చోట్లా నిజమైన సీనియర్ అభిమాని తల రెండు సెకన్ల ముందే ఊగుతుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ గమనించాల్సింది దీన్నే.

హెడ్డు అమరిక సంగతి కూడా రికార్డులోకి ఎక్కాలి. హెడ్డు పక్కన స్ప్రింగు మీద కూర్చున్న చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టులో నాలుగో వంతు తిప్పినా తాళాల మెరుపు పోతుంది, లేదా వస్తుంది. రికార్డు చేసిన డెక్కు హెడ్డు వంకరగా ఉంటే, ఆ కేసెట్ స్పష్టంగా వినటానికి ఇంట్లో హెడ్డునీ అంతే వంకర చేయాలి. మన అభిమాని చేశాడు. మెరుపు వచ్చింది. స్క్రూ కదలకుండా గోళ్ల రంగు చుక్క కూడా పెట్టాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మిగతా కేసెట్లన్నీ, అమ్మమ్మగారి త్యాగరాజ కీర్తనలతో సహా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపించాయి. ఒక్క ఆల్బమ్ కోసం ఇంటిల్లిపాదినీ బధిరుల్ని చేయటం భక్తి కాకపోతే మరేమిటి?

ఇలాంటివాడికి ఇప్పుడు రీమాస్టర్, అంటే పాత రికార్డింగుకే కొత్తగా మెరుగులు దిద్దినది, అమ్ముతున్నారు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్‌జ్, పెట్టె బరువు మూడు కిలోలు. చెవి శాస్త్రం మాత్రం దయలేనిది. 128 కిలోబిట్ల ఎంపీ3 సాధారణంగా 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర పైభాగాన్ని కోసేస్తుంది. యాభై దాటిన చెవికి ఎలాగూ ఆ పైన వినపడదు. అంటే, కోసేసిన భాగం వినపడటం లేదని గొడవ చేసేవాడికి కోయకపోయినా అది వినపడదు. అయినా గొడవ న్యాయమైనదే. ఆస్తి తగాదాల్లో పొలం చూడనివాళ్లే గట్టిగా అరుస్తారు. పైగా రీమాస్టర్లలో చాలావాటికి చిన్న చప్పుడూ పెద్ద చప్పుడూ ఒక్క ఎత్తుకి తెచ్చి నొక్కే జబ్బు ఉంది. కొత్త ఆల్బమ్‌లూ దీనికి అతీతం కాదు. 2008లో మెటాలికా బృందం ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు, సీడీలో కంటే వీడియో గేమ్‌లో ఇచ్చిన పాటలే నొక్కుడు తక్కువగా, హాయిగా ఉన్నాయని అభిమానులు మొరపెట్టుకున్నారు. పాట వినటానికి గేమ్ కొనాల్సి రావటం పెళ్లిభోజనానికి వెళ్లి పక్కింట్లో పెరుగు అడుక్కోవటం లాంటిది.

ఎలక్ట్రానిక్ సంగీతం వినేవాళ్లది ఇంకో రకం కష్టం. ఆకాశవాణి భక్తిరంజని మీద పెరిగిన ఊరు ఇది. "మిషను కొడుతుంటే వాడేం చేస్తున్నట్రా?" అని బాబాయిలు ఇప్పటికీ అడుగుతారు. సీనియర్ అభిమాని దగ్గర దీనికి బ్రహ్మాస్త్రం ఉండాలి. రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న పెట్టెని 1981లో తెచ్చింది, బేస్ గిటార్ వాయించే మనిషి లేని లోటు తీర్చటానికి. లోటు తీరలేదు, 1984లో తయారీ ఆపేశారు. 1987లో చికాగోలో ఫ్యూచర్ బృందం దాని మరలు తిప్పి తిప్పి యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతానికి దారి తీసింది. కానీ 1982లోనే, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెని కూడా వాడి, డిస్కో తాళానికి పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఏ వాదనలోనైనా నాలుగు నిమిషాల్లోపు ఈయన పేరు ఎత్తని అభిమానిని సస్పెండ్ చేయాలి.

తాళం లెక్క కూడా చెప్పగలగాలి. ఆ పెట్టెలో ఒక వరసకి 16 గదులు. నాలుగేసి చొప్పున నాలుగు దెబ్బలు, చతురశ్ర నడక, సగం ఆదితాళం. ప్రతి గదికీ స్వరం విడిగా పెట్టాలి, ఒత్తు విడిగా, జారుడు విడిగా. ఆ జారుడే గమకానికి దూరపు చుట్టం. ఇది విని బాబాయి "అయితే ఆ మిగతా సగం ఆదితాళం ఏదిరా?" అంటాడు. దానికి మాత్రం ఇంతవరకూ ఎవరి దగ్గరా జవాబు లేదు.

కచేరీల విషయానికొస్తే చెప్పటానికి పెద్దగా లేదు, ఎందుకంటే ఈ ఊరికి ఎవరూ రారు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బృందం, 2011 అక్టోబరులో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ దాకా వచ్చారు. మెటాలికా అంతకు రెండు రోజుల ముందు గుర్గావ్‌లో వాయించాల్సిన కచేరీ రద్దయింది కాబట్టి, ఢిల్లీ రైలెక్కినవాడి కంటే యశ్వంత్‌పూర్ రైలెక్కిన బెజవాడవాడికి భౌగోళిక జ్ఞానం ఎక్కువని రుజువైంది. అక్కడ కొన్న నల్ల టీషర్టు ఇప్పటికీ ఉంది. లోపలి వైపు బయటికి తిప్పి ఉతకాలి, నీడనే ఆరేయాలి. మన ఎండలో ఆరేస్తే బొమ్మ బీటలు వారుతుంది. బొమ్మ అలాగే ఉంది, మనిషే సాగాడు.

"ఏరా అబ్బాయ్, గృహప్రవేశానికి ఆ పుర్రె బొమ్మేంట్రా?"

"పుర్రె కాదు పిన్నీ, ఎడ్డీ. ఐరన్ మెయిడెన్ వాళ్ల బొమ్మ."

"ఎవరైతే ఏం, ఈశాన్యం మూల మాత్రం కూర్చోకు."

కొత్త ఆల్బమ్ ఆలస్యమైందని కుర్ర అభిమానులు గోల పెడుతుంటారు. దుర్గగుడి ఫ్లైఓవర్‌కి 2015లో శంకుస్థాపన చేసి 2020లో తెరిచారు. ఆ అయిదేళ్లు దుమ్ము తిన్నవాడికి టూల్ బృందం 2006 తర్వాత 2019 దాకా ఊరుకోవటం ఒక లెక్కా? మై బ్లడీ వాలెంటైన్ బృందం అయితే 1991కీ 2013కీ మధ్య ఒక్క ఆల్బమ్ ఇవ్వలేదు. ఓపిక విషయంలో ఈ ఊరివాళ్లకి నేరుగా ప్రమోషన్ ఇవ్వొచ్చు.

దరఖాస్తు విధానం: ధ్రువీకరణ కమిటీ మంగళగిరిలో కూర్చుంటుంది, అటు ఇటు కాని చోటు కాబట్టి. సభ్యులు ఇద్దరే, బెజవాడ నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు. ఏకాభిప్రాయం తప్పనిసరి, కాబట్టి ఇంతవరకూ ఎవరికీ సర్టిఫికెట్ అందలేదు. కేసెట్ పాడైపోయినవాళ్లు నకలు తయారుచేసి సమర్పించవచ్చు. శుభ్రమైన డిజిటల్ ఫైల్ తీసుకుని, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో వేగం ఆరు శాతం పెంచండి. శ్రుతి కూడా దానితోపాటే ఎక్కాలి. శ్రుతి మారకుండా వేగం పెంచే మీట ఇంకోటి ఉంటుంది, అది వాడితే దరఖాస్తు తిరస్కరించబడుతుంది. అతుకు ఉన్న చోట రెండు సెకన్లు కోయండి. చివర ఆ డిస్కో పాటని జతచేయండి.

చిక్కంతా ఇక్కడే వస్తోంది. ఆ పాట ఏదో ఎవరికీ తెలియదు. కేసెట్‌లో మిగిలిన ఆ ముక్కని, పాటల్ని గుర్తుపట్టే యాప్‌కి వినిపిస్తే, ఆరు శాతం పరుగుకే అది చేతులెత్తేస్తోంది. వేగం ఆరు శాతం తగ్గించి వినిపిస్తే పేరు దొరకవచ్చని గుంటూరు సభ్యుడు సూచించాడు. పాటని తప్పు వేగంలో వినిపించటానికి బెజవాడ సభ్యుడు ఒప్పుకోవటం లేదు.