పాలసీసా పిట్టలూ, పార్కింగ్‌లో బుసలూ

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూప్‌లోకి ఉగాదికి ముందు వారం ఒక ఫార్వర్డ్ వచ్చింది. మంచు పట్టిన కొమ్మ మీద దూది ఉండలాంటి తెల్ల పిట్ట ఫొటో, కింద "టిట్ పిట్ట గురించి మీకు తెలియని ఏడు అద్భుతాలు", చివర షరా మామూలుగా పదిమందికి పంపమని. రెండు రోజుల్లో అదే మెసేజ్ చిత్తూరు బంధువుల గ్రూప్‌లోనూ, మావాడి స్కూలు తల్లిదండ్రుల గ్రూప్‌లోనూ తేలింది. పోనీలే అనుకున్నాను. కానీ మూడో అంతస్తు పిన్నిగారు బాల్కనీ గోడ మీద సాసర్‌లో పాలు పోసి పిట్ట కోసం ఎదురుచూడటం కళ్ళారా చూశాక ఊరుకోలేకపోయాను.

ముందు ఆ ఫొటో సంగతి. అది జపాన్ ఉత్తరాన హొక్కైడోలో ఉండే పొడుగు తోక పిట్ట. ఇంగ్లీషు పేరులో 'టిట్' ఉంది కానీ టిట్ కుటుంబంలోది కాదు, దాని కుటుంబమే వేరు. ఇంటిపేరు కలిసినవాళ్ళంతా దాయాదులు కారు కదా.

మొదటి పాయింటు: "ఇది చలిదేశాల్లోనే ఉంటుంది, మనకు చూసే భాగ్యం లేదు." బెంగళూరులో కూర్చుని ఈ మాట చదవడం విచిత్రంగా ఉంది. లాల్‌బాగ్ లాంటి పెద్ద చెట్లున్న చోట, నంది హిల్స్ మీద, కాస్త ఓపిగ్గా మెడ పైకెత్తితే మన బూడిదరంగు టిట్ పిట్ట దొరుకుతుంది. నల్ల తల, తెల్ల బుగ్గలు, బూడిదరంగు వీపు, పొట్ట మీద గొంతు నుంచి కిందికి టై కట్టుకున్నట్టు నల్ల చార. బరువు పదిహేను గ్రాములకు అటూ ఇటూ. యూరప్‌లో పసుపు పొట్టతో ఉండే గ్రేట్ టిట్, ఇదీ ఒకటే జాతి అని చాలాకాలం అనుకున్నారు, ఇప్పుడు వేరుచేశారు. మనవాళ్ళు చాలామంది దీన్ని చూసి 'ఏదో పిచ్చుక' అనేసి ముందుకెళ్ళిపోతారు.

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఈ కుటుంబంలోనే మెడ వెనక తెల్లమచ్చ ఉన్న నలుపు తెలుపు పిట్ట ఒకటి ప్రపంచం మొత్తంలో భారతదేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. పశ్చిమాన గుజరాత్, రాజస్థాన్ ముళ్ళ అడవుల్లో కొన్ని, దక్షిణాదిలో కొన్ని. బెంగళూరుకు దక్షిణంగా కావేరి అభయారణ్యం వైపు దాన్ని చూడటానికే కెమెరాలు వేసుకుని పోయేవాళ్ళున్నారు. 1840లలో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. ఆయనకు ఆ పిట్ట దొరికింది ఎక్కడనుకుంటున్నారు? మన నెల్లూరు దగ్గరి తూర్పు కనుమల్లో! నెల్లూరు కొండల పిట్టను వదిలేసి హొక్కైడో పిట్టను ఫార్వర్డ్ చేసుకుంటున్నాం. గూడుకు ఈ నెల్లూరు పిట్ట వడ్రంగిపిట్టలు చెక్కి వదిలేసిన తొర్రల మీదే ఆధారపడుతుంది. ముళ్ళ చెట్లు కట్టెలకు పోయిన కొద్దీ తొర్రలూ పోతున్నాయి.

రెండోది, ఎలుకలా చెట్టు మీద పరుగెత్తుతుంది కాబట్టే ఇంగ్లీషులో 'టిట్‌మౌస్' అన్నారట. కాదు. పాత ఇంగ్లీషులో 'మాసె' అంటే ఈ చిన్న పిట్టే. జనం నోళ్ళలో నలిగి అది 'మౌస్' అయింది. ఎలుకకు ఇందులో ఏ సంబంధమూ లేదు.

ఇక పిన్నిగారి చేత పాలు పోయించిన మూడో పాయింటు: "ఇంగ్లండులో ఒక పిట్ట పాలసీసా మూత తీయడం కనిపెట్టి దేశంలోని పిట్టలన్నిటికీ నేర్పింది. వీటికి పాలంటే ప్రాణం." ఇందులో సగం నిజముంది, అందుకే ఇంత బాగా తిరుగుతోంది. గుమ్మాల ముందు పాలవాడు పెట్టిపోయిన సీసాల మూతలు పిట్టలు చీల్చడం 1921లో సౌతాంప్టన్ పక్కన స్వేత్లింగ్‌లో మొదటగా నమోదైంది. ఆ తర్వాత బ్రిటన్ అంతా పాకింది. 1949లో ఫిషర్, హైండ్ అనే ఇద్దరు ఈ సమాచారమంతా పోగేసి చూస్తే, ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్న ఊళ్ళలో ఈ అలవాటు విడివిడిగా పుట్టినట్టు తేలింది. ఈ పిట్టలు పుట్టిన చోటు వదిలి ఎక్కువ దూరం పోవు. కాబట్టి కనిపెట్టింది ఒకటి కాదు, చాలా. తర్వాత చుట్టుపక్కల పిట్టలు అందుకున్నాయి. అందుకోవడానికి గురువు కూడా అక్కర్లేదు. అమెరికాలోని దీని చుట్టం చికడీ మీద 1980లలో చేసిన ప్రయోగంలో, అప్పటికే మూత తీసి ఉన్న డబ్బా ఎదురైతే చాలు, పిట్ట మిగతాది తనే నేర్చేసుకుంది.

పైగా అవి తిన్నది పాలు కాదు, సీసా మెడలో తేలిన మీగడ. పాలలోని లాక్టోజ్ పక్షులకు అరగదు. మన ప్యాకెట్ పాలు సాసర్‌లో పోస్తే వచ్చేది ఎవరో మీకూ తెలుసు. పిన్నిగారి సాసర్ మా సెల్లార్ పిల్లి నాకి పెట్టింది.

అసలు కథ ఫార్వర్డ్‌లో లేనే లేదు. ఆక్స్‌ఫర్డ్ పక్కన వైతమ్ అడవిలో కొన్నేళ్ళ క్రితం పరిశోధకులు తలుపున్న మేత డబ్బాలు పెట్టారు. తలుపును ఎడమకు జరిపినా కుడికి జరిపినా లోపల ఒకటే పురుగు. ఒక్కో గుంపులో రెండేసి గ్రేట్ టిట్లకు ఒక వైపే జరపడం నేర్పి వదిలారు. దాదాపు మూడు వారాల్లో సగటున గుంపులో ముప్పావు వంతు నేర్చేసుకున్నాయి, అదీ తమ గుంపు పద్ధతిలోనే. రెండోవైపూ తెరుచుకుంటుందని తెలిసినా మనవాళ్ళు ఎలా చేస్తే అలానే. పప్పులో పోపు ముందా వెనకా అని మా ఇంట్లో పదిహేనేళ్ళుగా జరుగుతున్న గొడవ నాకు గుర్తొచ్చింది.

నాలుగోది: "వేల గింజలు దాస్తుంది, ఒక్కటీ మరిచిపోదు." కుటుంబంలో కొన్నిటికే ఈ అలవాటు. చికడీలు దాస్తాయి, వారాల తర్వాత కూడా వెతికి తింటాయి. గ్రేట్ టిట్ అసలు దాచదు. అది చేసేదేమిటంటే, పక్కన మార్ష్ టిట్ ఎక్కడ దాస్తోందో చూసి గుర్తుపెట్టుకుని, అది పోయాక తీసుకోవడం! తెలివి ఉన్న మాట నిజమే.

"టిట్లన్నిటికీ ఒకే భాష, మన వ్యాకరణం లాంటిదే" అన్నది ఐదోది. జపాన్ టిట్ మీద సుజుకి అనే శాస్త్రవేత్త 2016లో చూపించినదాన్ని సాగదీశారు. ఒక రకం కూత 'అపాయం ఉందేమో చూడు', ఇంకో రకం 'ఇటు రా'. రెండూ ఆ వరసలో వినిపిస్తే పిట్టలు చుట్టూ చూస్తూ దగ్గరకొచ్చాయి, వరస తిప్పేస్తే పెద్దగా పట్టించుకోలేదు. గొప్ప విషయమే. కానీ అది ఆ జాతి సంగతి. చికడీ పద్ధతి వేరు: శత్రువు ఎంత ప్రమాదకరమైతే కూత చివర 'డీ డీ' అన్ని ఎక్కువ. తనను చటుక్కున పట్టగలిగే చిన్న గుడ్లగూబకు ఎక్కువ డీలు, పెద్దదానికి తక్కువ.

"సాత్వికాహారి, గింజలూ పళ్ళే" అన్న ఆరోదానికి నవ్వొచ్చింది. పిల్లలున్నప్పుడు ఒక జంట రోజుకు వందల గొంగళిపురుగులు మోస్తుంది. హంగరీలో ఒక గుహలో గ్రేట్ టిట్లు చలికాలం నిద్రలో ఉన్న గబ్బిలాలను చంపి తింటున్నాయని 2009లో ప్రచురించారు. బయట వేరే మేత పెడితే చాలావరకు మానేశాయట. ఆకలి బాధ, పాపం.

ఏడోది రెండు ముక్కలు. "జీవితాంతం ఒకే జోడీ" కాదు. జంటలు విడిపోతాయి, గూట్లో పక్కింటి మగపిట్ట పిల్లలూ ఉంటాయి. ఇక "గూడు ముట్టుకుంటే మనిషి వాసనకు తల్లి వదిలేస్తుంది" అంటారా, అదే వైతమ్ అడవిలో 1947 నుంచి ఏటా గూటిపెట్టెలు తెరిచి పిల్లలను తూకం వేసి కాళ్ళకు రింగులు తొడుగుతున్నారు. తల్లులు మళ్ళీ వచ్చి మేపుతూనే ఉన్నాయి. పదేపదే కెలికితే భయపడి వదిలేయొచ్చు, అది వేరే సంగతి. కాబట్టి కెలక్కండి.

మా పార్కింగ్ గోడలో పాత డ్రైనేజీ గొట్టం కంతలో ఈ ఏప్రిల్‌లో మన బూడిదరంగు పిట్ట గూడు పెట్టింది. అది ఎవరికీ తెలియదు. అసోసియేషన్ వాళ్ళు కంతలన్నీ సిమెంటుతో పూడ్చమంటే మా వాచ్‌మన్, మదనపల్లె మనిషి, టార్చి వేసి లోపల చూడబోయాడు. లోపల్నించి బుస్సుమంది. ఒక్క గెంతు వెనక్కి వేసి, "సార్, గొట్టంలో పాముండాది సార్" అని నాకు ఫోన్. పాములు పట్టేవాళ్ళ నంబరు కూడా ఎవరో అప్పటికే వెతికేశారు. ఈ పిట్టల్లో ఆడది గుడ్ల మీదున్నప్పుడు ఎవరైనా తొంగిచూస్తే ఎగిరిపోదు. అక్కడే కూర్చుని రెక్కలు కొట్టి పాములా బుసకొడుతుంది. ఆ చీకటి కంతలో ఎవరికైనా చాలు.

గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి సుమారు మూడు వారాలు అని చెబితే సిమెంటు పని జూన్‌కి వాయిదా వేశారు. పిల్లలు ఎగిరిపోయాయి, కంత ఖాళీ. వాచ్‌మన్ మాత్రం తన సైకిల్ ఇప్పటికీ అటువైపు పెట్టడు.