బొమ్మా? బొమ్మ కాదా? హెచ్‌ఎస్ కోడ్ గారికి ఓ బొమ్మలమ్మి ఉత్తరం

మహారాజశ్రీ హెచ్‌ఎస్ కోడ్ గారి దివ్యసముఖానికి,

విజయవాడ నుంచి ఓ చిన్న ఆన్‌లైన్ బొమ్మల కొట్టు యజమానురాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో నా కుశలం అంతంతమాత్రమే అనుకోండి. దేశం దాటే ప్రతి సరుకుకీ కస్టమ్స్ వారు చూసే గుర్తింపు అంకె తమరే. మీకేం, 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది మొదలు రాజభోగం. బ్రస్సెల్స్‌లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ వారి పోషణ, అయిదారేళ్లకోసారి కొత్త ఎడిషన్. బతికున్న గుర్రం దగ్గర్నుంచి వందేళ్లు దాటిన పురాతన వస్తువు దాకా, లోకంలో సరుకు అన్నదాన్నంతా అయిదు వేల పైచిలుకు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపు నుదుటన ఆరంకెలు రాశారు. బ్రహ్మ రాత అర్థం కాదు, మీ రాత చదవగలం, అంతే తేడా. దానికి మన దేశం ఇంకో రెండంకెలు తగిలించి ఎనిమిది చేసింది. అమెరికా నాలుగు తగిలించి పది చేసింది.

విషయానికొస్తాను. నేను అమ్మేది కొండపల్లి బొమ్మలు. మొదటిసారి జర్మనీకి ఒక సంక్రాంతి కొలువు సెట్టు పంపడానికి కొరియర్ ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు "ఏముందండీ ఇందులో?" అన్నాడు. "బొమ్మలు బాబూ" అన్నాను. "టాయ్సా అండీ?" అన్నాడు. "ఆఁ, బొమ్మలే" అన్నాను.

ఆ "ఆఁ" నాకు మూడు వారాల నిద్ర ఖరీదు.

మా తెలుగులో బొమ్మ అంటే ఒకటా స్వామీ? పాప ఆడుకునేది బొమ్మ, గుడి గోపురం మీద నిలబడింది బొమ్మ, పుస్తకంలో గీసింది బొమ్మ, రూపాయి బిళ్లకి ఒక పక్క బొమ్మ, సినిమా హాల్లో ఆడేదీ బొమ్మే. అందం చూసి "బొమ్మలా ఉంది" అంటాం, కదలకపోతే "బొమ్మలా కూర్చున్నావేం" అంటాం. మీ దగ్గర ఆ వేషాలు చెల్లవు. పిల్లల ఆటవస్తువైతే 95వ అధ్యాయం, 9503. అలంకారానికి పెట్టుకునే చెక్క ప్రతిమైతే 44వ అధ్యాయం, 4420. కుర్రాడు 95లో వేశాడు. అంతే, జర్మనీలో కస్టమ్స్ వారు పెట్టె ఆపి, పిల్లల బొమ్మలైతే ఐరోపా భద్రతా నిబంధనలకి సరిపోయిందని చెప్పే సీఈ గుర్తు ఏదీ, భద్రతా పరీక్షల కాగితాలు ఏవీ అన్నారు. వారి తప్పేం లేదు. పిల్లలు నోట్లో పెట్టుకునేదని నేనే ఒప్పుకుని పంపాను మరి. తెల్ల పొణికి చెక్కని ఎండబెట్టి, చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించి, సున్నం పూసి రంగులేసిన అంబారీ ఏనుగుని ఏ తల్లి పిల్లాడి నోటికిస్తుంది? మా ఇంట్లో కొలువు మీద చెయ్యేస్తే వీపు మోగేది.

కొలువు రోజులు అయిపోయాయి. పెట్టె తిరిగొచ్చింది, ఏనుగుకి తొండం విరిగి. తొండం లేని ఏనుగు ఏ కోడ్ కిందకి వస్తుందో మీకు రాసి అడుగుదామనుకున్నాను. ధైర్యం చాలలేదు.

ఈ గొడవ నా ఒక్కదానికే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో టాయ్ బిజ్ అనే కంపెనీ ఇలాగే కోర్టుకెక్కింది. అప్పట్లో మీ పుస్తకంలో మనిషి రూపం బొమ్మలకి ఒక పద్దు, మిగతా ఆటబొమ్మలకి ఇంకో పద్దు. మొదటిదానికి సుంకం 12 శాతం, రెండోదానికి 6.8 శాతం. దాంతో ఆ కంపెనీ తను అమ్ముకునే కామిక్ పుస్తకాల వీరులు అసలు మనుషులే కాదని వాదించింది, 2003లో గెలిచింది కూడా. సుంకం సగానికి తగ్గుతుందంటే సొంత హీరోని మనిషి జాబితాలోంచి తీసేయడానికి వెనకాడనక్కర్లేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ రోజుల్లో నా దశావతారాల సెట్టు గనక ఓడెక్కి ఉంటే? చేప, తాబేలు, పంది వరకూ చిక్కు లేదు. రాముడు, పరశురాముడు మనుషుల పద్దులోకి పోతారు. నరసింహస్వామి దగ్గర ఆగిపోతారు ఎగ్జామినర్ గారు. అసలు హిరణ్యకశిపుడు కోరిన వరం చదవండి, అచ్చం కస్టమ్స్ నోటిఫికేషనే. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు, ఇంట కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు. అంత పకడ్బందీ వర్గీకరణలోంచి కూడా ఒక స్తంభం పగిలింది. మీరు మాత్రం 2007లో ఆ రెండు పద్దుల్నీ కలిపేసి తప్పించుకున్నారు.

మీ బంధువర్గం గురించి కూడా కొంచెం చెప్పుకోనివ్వండి. ఎగుమతిదారులకిచ్చే నంబరు ఐఈసీతో నాకు పేచీ లేదు, 500 రూపాయల ఫీజుతో ఇంట్లో కూర్చుని తీసుకున్నాను. ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇచ్చి జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేసుకునే దారీ నేర్చుకున్నాను. నా ప్రాణం తీసేది వాల్యూమెట్రిక్ వెయిట్ గారు. కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిందే కిలోల్లో బరువంటారట. నా పెట్టె 40, 30, 30. తూకం వేస్తే రెండు కిలోలు లేదు, లెక్క కడితే 7.2 కిలోలు. తెల్ల పొణికిని ఎంచుకున్నదే తేలిక అని. ఇప్పుడు తేలికదనమే బరువైంది. బొమ్మ చుట్టూ ఉన్న విజయవాడ గాలికి కూడా విమానం టికెట్ కొంటున్నాను.

ఇక మా కస్టమర్లు. "అక్కా, గిఫ్ట్ అని రాసేయండి, విలువ పది డాలర్లు వేయండి, అందరూ అంతేగా చేస్తారు." ఐరోపాలో 2021 జూలై 1 నుంచి ఎంత చిన్న సరుకైనా వ్యాట్ పన్ను తప్పదు. మనుషులు మనుషులకి పంపుకునే కానుకైతేనే అక్కడ 45 యూరోల దాకా, బ్రిటన్‌లో 39 పౌండ్ల దాకా వదిలేస్తారు. డబ్బు తీసుకుని కానుక అని రాయడం ఎలాగమ్మా అంటే "మీరు మరీ అక్కా" అంటారు. అదే పెట్టె దారిలో పోతే మాత్రం అయిదు వేలకి బిల్లు చూపించి ఇన్సూరెన్స్ అడగమంటారు. పది డాలర్లని రాసిన చేత్తోనే! మా వీధిలో ఆవకాయ అమ్మే ఆవిడ పరిస్థితి ఇంకా వింత. అమెరికాలో కొడుక్కి ఇంట్లో కలిపి కానుకగా పంపితే అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ముందుగా కబురు పెట్టక్కర్లేదు. అదే జాడీ లోంచి తీసి పక్కింటి వాళ్ల అబ్బాయికి అమ్మితే పెట్టాలి. కారం అదే, నూనె అదే, ప్రేమ ఒక్కటే తక్కువ.

పోనీ ఇంత కష్టపడి మిమ్మల్ని కంఠతా పట్టాను కదా, 2025లో మీరు నాకు చేసిందేమిటి? 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపుని అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో తేలక ఆగస్టు 25 నుంచే మన పోస్టులో అమెరికా పార్సిళ్లు ఆగిపోయాయి. దసరా అక్టోబర్ 2న వచ్చి వెళ్లింది, పోస్టు అక్టోబర్ 15న మళ్లీ మొదలైంది. డల్లాస్‌లో ఒక కస్టమర్ ఇంట దసరా కొలువులో ఆ సంవత్సరం బొమ్మల్లేని మెట్లే మిగిలాయి. తీరా మొదలయ్యాక ఏం జరిగింది? సుంకం ముందే ఇక్కడే కట్టేయాల్సి వచ్చింది, అప్పట్లో చెప్పిన విలువ మీద 50 శాతం. ఆటబొమ్మైనా 50, ప్రతిమైనా 50. మీరు పక్కన గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. మనిషా మృగమా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేను మిమ్మల్ని చదివిన రాత్రుళ్ల లెక్క ఎవరికి పంపాలో చెప్పండి.

అయినా మీ మీద కోపం పెట్టుకోలేదు. ఇప్పుడు "హ్యాండీక్రాఫ్ట్" అని గాలి మాట రాయను, "బొమ్మలు" అని అసలే రాయను. "చేత్తో చెక్కి రంగులేసిన అలంకార చెక్క ప్రతిమలు, 10, భారతదేశంలో తయారైనవి, పిల్లల ఆటవస్తువులు కావు" అని ఇంగ్లిష్‌లో పూర్తిగా రాసి, అసలు విలువ వేసి, కుర్రాడు నోరు తెరిచేలోపే కాగితం చేతిలో పెడుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
బొమ్మలమ్మి

తా.క.: నిన్న ఏటికొప్పాక లక్క సామాను ఆర్డరొచ్చింది, లండన్‌కి. ఒకే పెట్టెలో బొంగరాలు, లక్కపిడతలు, ఒక కుంకుమ భరిణె. బొంగరం పిల్లాడు తిప్పుతాడు, అది 95. భరిణె 44. లక్కపిడతలు అమ్మాయి ఆడుకోవడానికా, వాళ్ల అమ్మ షోకేసులో పెట్టుకోవడానికా అని మెసేజ్ పెట్టి అడిగాను. "రెండూ అక్కా" అంది.